స్క్రూడ్రైవర్ కన్నా ముందు

బండి స్టార్ట్ కాకపోయినా, అయ్యాక రెండు నిమిషాలకే ఆగిపోయినా, పని నేర్చుకుంటున్నవాడి చెయ్యి తిన్నగా కార్బొరేటర్ మీదికే పోతుంది. విప్పాలి, కడగాలి, మళ్ళీ బిగించాలి. ఈ తొందరలో ఒక పెద్ద నష్టం ఉంది. విప్పిన క్షణంలో సాక్ష్యం పోతుంది. కార్బొరేటర్ కింది గిన్నెలో పెట్రోలు ఎంత ఉందో, అడుగున నీటిబొట్లు ఉన్నాయో లేదో, ఎయిర్ స్క్రూ ఎన్ని చుట్లు తిరిగి ఉందో, ఇవన్నీ రోగం గురించి ఏదో ఒకటి చెప్పేవే. వాటిని అడక్కుండానే తుడిచేస్తాం. కార్బొరేటర్ పని నేర్చుకోవడమంటే ముందుగా అనుమానించడం నేర్చుకోవడమని, ఆ అనుమానానికి ఒక వరస ఉండాలని నా వాదన.

ఈ వరస మన తర్కశాస్త్రానికి కొత్త కాదు. ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు తెలుగువాడే. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పుందని ఊహించడం ఆ గ్రంథంలోని అందరికీ తెలిసిన ఉదాహరణ. దాని పక్కనే ఉన్న హెచ్చరికను మాత్రం తక్కువమంది గుర్తుపెట్టుకుంటారు. నిప్పు ఉంది కాబట్టి పొగ కూడా ఉండి తీరాలనడం చెల్లదు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. చూపిన హేతువు, నిరూపించదలచింది లేని చోట కూడా కనబడితే, అది హేతువే కాదు. ‘బండి ఆగింది, కాబట్టి కార్బొరేటర్‌లో చెత్త ఉంది’ అనే మాటను ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినా బండి ఆగుతుంది. పెట్రోల్ కాక్‌లో జల్లెడ పూడుకుపోయినా, ప్లగ్ పాడైనా ఆగుతుంది. ఈ మూడు చోట్లా కార్బొరేటర్ శుభ్రంగానే ఉండవచ్చు. ఆగడం ఒక్కదానితో ఏదీ తేలదు. ఎప్పుడు ఆగింది, ఎలా ఆగింది, ఏం చేస్తే మళ్ళీ నడిచింది అన్నవి కలిస్తేనే అది సాక్ష్యమవుతుంది.

అదృష్టం కొద్దీ కార్బొరేటర్ ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల యంత్రం. ఇంజను పీల్చే గాలి ఇరుకు గొంతులోంచి పోతూ వేగం పుంజుకుంటుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది, కింది గిన్నెలోని పెట్రోలు జెట్ల గుండా పైకి లేస్తుంది. పూర్తిగా మండాలంటే ఒక వంతు పెట్రోలుకు బరువులో దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. కానీ అన్ని వేగాల్లోనూ పెట్రోలు ఒకే దారిన రాదు. రేస్ ఇవ్వకుండా స్లోలో ఉన్నప్పుడు పైలట్ జెట్, సగం రేస్‌లో జెట్ సూది, పూర్తిగా తిప్పినప్పుడు మెయిన్ జెట్ ముఖ్యమవుతాయి. అందుకే చోక్ లాగితేనే నిలబడి, చోక్ వదలగానే ఆగిపోయే బండి పైలట్ జెట్ వైపు వేలు చూపిస్తోంది. స్లోలో చక్కగా ఆడుతూ, రేస్ పూర్తిగా ఇస్తే దమ్ము లేక కొట్టుకునే బండిలో మెయిన్ జెట్‌నో, పైనుంచి పెట్రోలు చాలినంత దిగకపోవడాన్నో అనుమానించాలి. ఓవర్‌ఫ్లో పైప్‌లోంచి పెట్రోలు కారుతుంటే గిన్నెలోని ఫ్లోట్ సూది సరిగా మూసుకోవడం లేదు. ప్లగ్ మీద నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా మాడితే తక్కువ, లేత గోధుమ రంగు ఉంటే కుదురు. పొగకూ ఇదే లెక్క. నల్లపొగ పెట్రోలు ఎక్కువైందని చెబుతుంది, నీలిపొగ ఆయిల్ మండుతోందని. అయితే ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండిలో ఆయిల్ పెట్రోలుతో కలిసే మండుతుంది కాబట్టి, అక్కడ కాస్త పొగ రోగం కాదు. గుర్తు అదే, బండి మారితే అర్థం మారింది.

నా దృష్టిలో కొత్తవాడికి దక్కే అన్నిటికన్నా విలువైన పరీక్ష గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ. ఇంజను చల్లారాక, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని, కింద గాజు సీసా పట్టి, కాక్ ఆన్‌లో ఉంచి ఆ స్క్రూ వదులు చేయాలి. పెట్రోలు ఆగకుండా ధారగా వస్తే ట్యాంకు నుంచి గిన్నె దాకా దారి బాగున్నట్టే, తప్పు జెట్లలోనో స్పార్క్‌లోనో వెతకాలి. గిన్నె ఖాళీ అయ్యాక ధార ఆగి చుక్కలు పడితే తప్పు పైన ఉంది. అప్పుడు ట్యాంకు మూత తెరిచి చూడాలి. తెరవగానే ధార మళ్ళీ సాగితే దోషి మూతే. మూత ఉంటే ఆగింది, తీస్తే సాగింది: పాతకాలపు తార్కికులు అన్వయ వ్యతిరేకాలన్నది ఇలాంటి జంట పరీక్షనే. సీసా అడుగున బొట్లు వేరుగా మెరుస్తుంటే అది నీరు. పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్న ఈ రోజుల్లో, చాలాకాలం కదలని బండిలో ఇది అరుదేమీ కాదు, ఎందుకంటే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది.

ఇంత తర్కం దేనికి, అన్నీ ఒకేసారి విప్పి కడిగితే బండి నడుస్తుందిగా అని అడగవచ్చు. నిజమే, చాలాసార్లు నడుస్తుంది. కానీ ఏ మార్పు వల్ల నడిచిందో తెలియదు. తుప్పు పట్టిన ట్యాంకును వదిలేసి జెట్ కడిగితే, అదే తుప్పు వారం తిరక్కుండా మళ్ళీ జెట్‌లో చేరుతుంది. పైగా అర మిల్లీమీటరు కూడా లేని పైలట్ జెట్ రంధ్రంలో తీగ దూర్చితే రంధ్రం పెద్దదై కొత్త రోగం మొదలవుతుంది. అనుభవం ఉన్న మెకానిక్ శబ్దం వినే చెప్పేస్తాడు కదా అన్నది ఇంకో మాట. ఆయన కూడా ఈ వరసనే నడుస్తున్నాడు, ఏళ్ళ అలవాటు వల్ల మెట్లు కనబడడం లేదు. ఆ వేగాన్ని చూసి కొత్తవాడు మెట్లు దూకితే పడేది అతనే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలతో కొత్త బైకులు చాలావరకు ఫ్యూయెల్ ఇంజెక్షన్‌కు మారిపోయాయి, ఇక ఇది ఎవరికి కావాలి అన్న ప్రశ్నకు కొంత బలం ఉంది. అయినా అంతకు ముందరి బైకులు మన ఊళ్ళలో, పొలం గట్ల మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, వాటిని నడిపేవాళ్ళలో చాలామందికి కొత్తది కొనే స్తోమత లేదు. వాళ్ళ బండి సరిగ్గా బాగుపడాలి, అవసరం లేని సామాను ఖర్చు వాళ్ళ మీద పడకూడదు.

కాబట్టి పని నేర్చుకుంటున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా మాట ఇది. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక బండి నడిపి చూడండి. ఎయిర్ స్క్రూ సర్దే ముందు దాన్ని మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు పట్టిందో కాగితం మీద రాసుకోండి. ఆ అంకె రాసి ఉంటే ఎంత తప్పుగా తిప్పినా ఆ స్క్రూను మొదటి స్థితికి తేగలరు.