వృత్తి మారినచో కాయకము చెడునా?

కాయకమునందే కైలాసము గలదని బసవేశ్వరుడు బోధించెనని మన యిండ్లలో చిన్నపిల్లలును చెప్పగలరు. అయితే ఆ కాయకమే చేజారిపోయినవానికి ఆ బోధ యేమి చెప్పుచున్నది? ముప్పది యేండ్లు చేసిన పని యొకనాడు లోకమునకు అక్కరలేనిదైనచో, అతని కైలాస మెక్కడ నున్నట్లు? ఈ ప్రశ్నను దాటవేసి కాయకమును కొనియాడుట సులభమే గాని న్యాయము కాదు.

జహీరాబాదు ప్రాంతమున ఒక చిన్న అచ్చుకూటమునందు కంపోజిటరుగా నుండిన లింగవంతు డొకడు గలడు. గుణింతములు, ఒత్తులు కలిసి తెలుగునకు సీసపు అక్షరముల గళ్లు వందలకొలది. ఏ గడిలో ఏ యొత్తు గలదో కన్నులు మూసికొన్నను అతని వ్రేళ్లకు దెలియును. కూర్చిన పంక్తిని తలక్రిందుగా చదువుట అతనికి నిలువుగా చదువుటకంటె సులువు. ఉదయము లింగపూజ ముగించి వచ్చి కేసుల యెదుట నిలిచినచో సాయంకాలము వరకు నిలువుకాళ్లమీదనే పని. 1990ల నడుమ కంప్యూటరు, ఆఫ్‌సెట్టు యంత్రము వచ్చినవి. సీసమును తూకమునకు అమ్మివేసిరి. యజమాని చెడ్డవాడు కాడు. ఆయనకును గత్యంతరము లేదు.

మూడు మాసములు అతడు ఇల్లు కదలలేదు. పూజ మానలేదు. పూజ ముగిసిన పిమ్మట మాత్రము పనిలేని తన చేతులను చూచుకొనుచు కూర్చుండెడివాడు. వచ్చినవారు "అంతయు శివేచ్ఛ" యని పలికి పోయెడివారు. ఇది యోదార్పు కాదు, కడుపు నిండినవాడు చెప్పెడి వేదాంతము. బసవేశ్వరుడు కాయకము ప్రక్కనే దాసోహమును నిలిపెనన్న సంగతిని మనము జాతరనాటి పంక్తిభోజనమునకే పరిమితము చేసితిమి.

ఇట్టి సందర్భమున మోళిగె మారయ్యను చూపుట ఉపన్యాసకులకు వాడుక. కాశ్మీర దేశపు రాజ్యమును వదలి కల్యాణమునకు వచ్చి కట్టెలమ్మి జీవించెనని సంప్రదాయము. గొప్ప చరిత్రమే. కాని మారయ్య తానై రాజ్యమును విడిచెను. కంపోజిటరును అతని పనియే విడిచెను. కోరి విడిచినవానికి గల తేజము, విడువబడినవానికి వెంటనే రాదు. ఇతనికి దగ్గరివారు, 12వ శతాబ్దమున కల్యాణము కల్లోలమైనప్పుడు చెదరిపోయిన శరణులు. వారెవ్వరును కోరి కదలలేదు. చెన్నబసవేశ్వరునితో ఉళివి యడవులకు సాగినవారికి వెనుకటి యంగడులు, మగ్గములు, ఎరిగిన బేరములు వెంట రావుగదా! వచనముల కట్టలను మాత్రము మోసికొని పోయిరని మన పెద్దలు చెప్పుదురు.

కాయకమునకు ప్రాణ మేదో ఆయ్దక్కి లక్కమ్మ యెరుగును. ఆమె భర్తయు మారయ్యయే. రాలిన బియ్యము నేరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు అక్కరకు మించి తెచ్చినచో, ఆ యధికమును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. రాలిన బియ్యము నేరుట యే కులమునకును వృత్తి కాదు, ఏ గురువును నేర్పిన విద్య కాదు. అయినను అది కాయకమైనది. నిజాయితీవలన అయినది, పేరువలన కాదు. పుట్టుకతో వచ్చిన పనియే పవిత్రమనువారు ఈ కథను మరల వినవలెను.

ఆ మూడు మాసములు కంపోజిటరు భార్య జొన్నరొట్టెలు చేసి అమ్మినది. ఇరుగుపొరుగువారు, తమ యింట పొయ్యి వెలిగియున్నను, కొనిరి. అదియు దాసోహమే. కంప్యూటరు దుకాణము పెట్టిన యొక యువకునికి ప్రూఫులు దిద్దువాడు కావలెనని తెలిసికొని వచ్చి చెప్పినదియు ఆమెయే. కుమారుని వయసువాని యొద్ద పనికి పోవుట అతనికి చిన్నతనముగా నుండెను. జీతము మునుపటిలో సగము. మొదటి దినముననే యొక పెండ్లి శుభలేఖలో జారిపోయిన రెండొత్తులను పట్టి చూపగా, ఆ యువకుడు "పెద్దయ్యా, ఇది నా కంటికి ఆనలేదు" అని కుర్చీ దగ్గరకు జరిపెను.

సీసము మరల రాలేదు. వచ్చునని అతడు ఎదురుచూడనులేదు. ప్రూఫు కాగితము చేతికి రాగానే పాతయలవాటు చొప్పున దానిని తలక్రిందుగా త్రిప్పి, తనలో తాను నవ్వుకొని, మరల నిలువుగా పట్టి చదువ మొదలుపెట్టెడివాడు.