గొట్టం చెప్పే సాక్ష్యం

చోడవరం చుట్టూ చెరకు తోటలు. ఎలుకలున్న చోటికి రక్తపింజరి వస్తుంది. మేతకు వంగిన పశువుకి చాలాసార్లు మూతి మీదే కాటు పడుతుంది. అలాంటి ఓ గేదె పక్కన పశువైద్యురాలు, రిటైరైన లెక్కల మాస్టారు మాట్లాడుకుంటున్నారు. ఇద్దరూ నేను ఊహించినవాళ్లే, చిక్కు మాత్రం ఊహించింది కాదు.

మాస్టారు: గొట్టంలో రక్తం పోసి పది నిమిషాలైంది కదా, కొంచెం వంచి చూద్దామా?

డాక్టరు: ముట్టుకోకండి మాస్టారూ! ఇరవై నిమిషాలు కదపకూడదు, తర్వాత ఒక్కసారే వంచాలి.

మాస్టారు: సరే. వంచారు, గడ్డ కట్టింది, పరవాలేదన్నారనుకోండి. పరవాలేనిది గేదెకా, గొట్టంలో రక్తానికా?

డాక్టరు: గొట్టంలో రక్తానికే. ఈ విషం రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజన్‌ని ఖర్చు చేయించేస్తుంది. అది బాగా అడుగంటితే గానీ రక్తం నీళ్లలా జారదు. సగం ఖర్చైన దశలో మామూలుగానే గడ్డ కట్టొచ్చు.

మాస్టారు: మరెందుకమ్మా ఈ పరీక్ష?

డాక్టరు: రాత్రిపూట పశువుల పాకలో ఇంకేం చేయగలం? 2 మి.లీ. రక్తం, పొడి గాజు గొట్టం, చేతి గడియారం. 1977లో డేవిడ్ వారెల్ బృందం నైజీరియాలో పాముకాటు రోగుల మీద వాడింది ఇదే.

మాస్టారు: బెల్లం వండేవాడు నీళ్లలో పాకం చుక్క వేసి వేళ్లతో నలిపి చూస్తాడు. అదే చుక్క నేను నలిపితే నాకేం తెలీదు. లోపం చుక్కదా, వేళ్లదా?

డాక్టరు: శ్రీలంకలో ఆ సంగతే బయటపడింది. 2013లో వచ్చిన అధ్యయనంలో, ఆస్పత్రి సిబ్బంది చేసిన ఈ పరీక్ష రక్తం పాడైన నూరు మందిలో 40 మందినే పట్టింది. 2017 నాటి అధ్యయనంలో శిక్షణ పొందినవాళ్లు పద్ధతిగా చేస్తే 82 మంది దొరికారు.

మాస్టారు: అవి మనుషుల లెక్కలు. గేదెకి అతుకుతాయా?

డాక్టరు: అతకవు. గొట్టాన్ని బట్టీ, జంతువుని బట్టీ ఫలితం మారుతుంది. గాజు తగిలితే రక్తంలో పన్నెండో కారకం మేలుకుంటుంది, అక్కడ మొదలవుతుంది గడ్డకట్టడం. సబ్బుతో కడిగిన గొట్టమైనా, ప్లాస్టిక్‌దైనా విషం లేని రక్తం కూడా గడ్డ కట్టకపోవచ్చు. పక్షులకైతే ఆ కారకమే లేదు. విశాఖపట్నంలో ఉంటూ పాముల్ని పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ కోళ్ల మీదా కుక్కల మీదా విషాలు పరీక్షించాడు. 1796 నాటి ఆయన పుస్తకంలో ఈ పింజరి పేరు కాటుక రేకుల పొడ. ఆయన కోళ్ల రక్తానికి నా గొట్టం పనికొచ్చేది కాదు.

మాస్టారు: ఈ పరీక్షకి చేతిలో పట్టే యంత్రాలొచ్చాయంటున్నారుగా?

డాక్టరు: వచ్చాయి. అంకె చూపిస్తాయి, అంకె చూస్తే మనకి ధైర్యం ఎక్కువ. మనిషికి సరిపోయే అంకె కుక్కకి సరిపోదు, ఒక యంత్రం అంకె ఇంకో యంత్రానికి సరిపోదు.

మాస్టారు: అయితే దేన్ని నమ్ముతారు?

డాక్టరు: అందుకే ఆ రెండో గొట్టం. అది ఇదే పాకలో ఆరోగ్యంగా ఉన్న గేదెది. దానిది గడ్డ కట్టి, దీనిది కట్టకపోతే నమ్ముతాను, విషవిరుగుడు మందు ఎక్కిస్తాను. రెండూ కట్టకపోతే తప్పు గొట్టాలది. రెండూ కడితే మాత్రం నమ్మను.

మాస్టారు: ఒకే సాక్షి చెప్పే ఒక మాట నమ్మి, ఇంకో మాట నమ్మకపోవడం ఏం న్యాయం?

డాక్టరు: రెండు తప్పులకీ నష్టం ఒక్కటి కాదు మాస్టారూ. లేని విషానికి మందిస్తే రైతుకి సీసాల ఖర్చు, గేదెకి మందు వికటించే ప్రమాదం. ఉన్న విషాన్ని లేదనుకుంటే గేదే పోతుంది. అందుకని గంటకే మళ్లీ రక్తం తీస్తాను. ఈలోగా చిగుళ్లు, వాపు, మూత్రం చూస్తుంటాను. ఎర్రమూత్రం బబీసియా జ్వరంలోనూ వస్తుంది, అదొక్కటీ చాలదు.

మాస్టారు: అలాగైతే కేసు పుస్తకంలో 'గడ్డ కట్టింది' అని ఒక్క ముక్క రాసి వదలకండి. కాటు ఎప్పుడు పడింది, రక్తం ఎన్నింటికి తీశారు, గొట్టం గాజుదేనా, పక్క గేదెది ఏమైంది, మళ్లీ ఎప్పుడు చూస్తారు, అన్నీ రాయండి. రేపు ఇంకో డాక్టరు వస్తే చదువుకోవాలి కదా.