గోడమీది సాక్షి

చంద్రశేఖరపురములో మనకు ఎండయే చాలును. ఇంటిని వెచ్చజేయు యంత్ర మక్కరలేదు. చలిదేశములకు వలసవెళ్లిన మనవారి యిండ్లలోనైతే, గోడమీది థర్మోస్టాటు గది వేడిమినిబట్టి హీటరును వెలిగించును, ఆర్పును. పాతవాటిలో రెండు లోహముల చుట్ట మెలితిరిగి గాజుబుడ్డిని ఒరిగింపగా, లోని పాదరసము జరిగి తీగెలను కలిపెడిది.

అది పాతదైనదని క్రొత్తది తగిలింతురు. కాని ప్రక్కనే దీపమున్నయెడల, క్రొత్తదియు ఇల్లంతయు వెచ్చగానున్నదని యెంచి హీటరు నార్పును. మూలగదిలో ముసలితల్లి వణకును. అది అబద్ధమాడలేదు, తానున్న చోటి సంగతియే చెప్పినది.

మన మనస్సాక్షియు అట్టిదే గదా? కడుపు నిండినవాడు ఊరి ఆకలిని తన కడుపుతో కొలువరాదు. సాక్షిని మార్చిన చాలదు, చోటును మార్చవలెను. నేడే మూలగదికి వెళ్లి చూడుము.