కల్పిత పర్వములు – ఋణభావము

కథకుడు తన ఊహచే ఒక లోకమును సృష్టించునపుడు నదులను, పర్వతములను, రాజవంశములను కల్పించినంత సులభముగా ఒక పండుగను కల్పింపజాలడు. ఏలయన, నది ప్రవహించుటకు ఎవరి విశ్వాసమును అక్కఱలేదు గాని, పండుగ దానిని ఆచరించువారి హృదయములందు తప్ప వేఱొకచోట నుండదు. అయినను గత శతాబ్దమున ఆంగ్ల కథాసాహిత్యమునందు క్రిస్మసునకు మాఱుగా నిలుచు కల్పిత పర్వములు అనేకములు వెలసినవి. పేరు మాఱినది, దైవము మాఱినది. చలికాలపు చీకటియు, దీపములును, కానుకలును, విందును మాత్రము నిలిచినవి. ఇట్లు మూలకథను తొలగించిన పిమ్మట మిగిలినది పండుగయేనా? పండుగయే యైనచో దానిని పండుగగా నిలుపుచున్నది ఏది? ఈ ప్రశ్న వినోదగ్రంథములలో పుట్టినదైనను మతతత్త్వమును గూర్చి ఆలోచించువాడు త్రోసిపుచ్చదగినది కాదు.

నాకు తోచిన సమాధానమును ముందే చెప్పెదను. పండుగకు ప్రాణము దాని వేడుక కాదు, కేవలము దాని కథయు కాదు. తాను ఋణపడియున్నానని మనుష్యుడు ఏడాదికొకనాడైనను ఒప్పుకొనుటయే దాని ప్రాణము. బ్రాహ్మణుడు ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడియే పుట్టుచున్నాడని తైత్తిరీయ సంహిత చెప్పినది. ఆ మాట సర్వమానవులకును వర్తించునని నా నమ్మకము.

ఈ దృష్టితో చూచినపుడు కొన్ని కల్పితపర్వములు వెంటనే తేలిపోవును. 1978 నవంబరు 17వ తేదీన అమెరికాలో సి.బి.ఎస్. టెలివిజను ప్రసారము చేసిన 'స్టార్ వార్స్ హాలిడే స్పెషల్' నందు ఒడలెల్ల రోమములు గల వూకీ జాతివారు 'లైఫ్ డే' అను పర్వమును జరుపుకొందురు. చ్యూబాకా అనువాడు ఆ దినమునకు ఇల్లు చేరుటకై పడు ప్రయాసయే అందలి ఇతివృత్తము. తుదకు వారందఱును ఎఱ్ఱని నిలువుటంగీలు ధరించి, వెలుగు గోళములను చేతబట్టుకొని, నక్షత్రముల నడుమ నడచి జీవవృక్షమును చేరుదురు. పండుగనాటికి ఇల్లు చేరవలెనను ఆర్తి సత్యమైనదే. కాని ఆ వృక్షమునకు వారు దేనికై ఋణపడియున్నారో, ఆ దినమును పాటింపనిచో ఏమి కోల్పోవుదురో ఆ కథ చెప్పదు. అలంకారమున్నది, ఆరాధన లేదు.

ఇంతకంటె భయంకరమైనది జార్జి ఆర్వెల్ 1949లో ప్రకటించిన 'నైన్‌టీన్ ఎయిటీఫోర్' నందలి ద్వేషవారము. ఊరేగింపులు, పాటలు, పతాకములు, ఉపన్యాసములు, జనసమ్మర్దము, ఇట్లు పండుగకు కావలసిన సామగ్రి యంతయు అందున్నది. ఆఱవనాడు వక్త ప్రసంగించుచుండగానే శత్రుదేశము పేరు మాఱిపోవును, వాక్యమైనను ఆగదు, జనులు తమ చేతి పతాకములు తప్పని వానిని చింపివైచి, ద్వేషమును మాత్రము యథాప్రకారముగ కొనసాగింతురు. కృతజ్ఞతకు ఒక పాత్రుడు కావలెను. ద్వేషమునకు ఎవడైనను చాలును. ఋణభావము లేని పండుగను ప్రభుత్వము తన యిచ్ఛవచ్చినట్లు త్రిప్పగలదని ఆర్వెల్ మనకు చూపినాడు.

ఆక్స్‌ఫర్డునందు మిత్రులై మెలగిన సి. ఎస్. లూయిస్, టోల్కీన్ అను ఇరువురు క్రైస్తవ రచయితలు ఈ సమస్యను ఎదుర్కొన్న తీరులు పరస్పర విరుద్ధములు. లూయిస్ 1950లో ప్రకటించిన తన నార్నియా కథలో మంత్రగత్తె పాలనమున ఎల్లప్పుడును చలికాలమే గాని క్రిస్మసు ఎన్నడును రాదు. ఆమె శక్తి సడలగానే క్రిస్మసు తాత స్వయముగా విచ్చేయును. అస్లానను సింహరూపుడే దేవుడైన లోకమున క్రీస్తు జన్మదినము ఎట్లు కలిగెనని విమర్శకులు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను ఆ తాత పిల్లలకిచ్చిన కానుకలను చూడుడు: పీటరునకు ఖడ్గమును డాలును, సూసనునకు విల్లంబులును కొమ్ముబూరయు, లూసీకి గాయములను మాన్పు ఔషధమును చిన్న బాకును. అవి ఆటవస్తువులు కావు. పుచ్చుకొన్నవారిని యొక కార్యమునకు కట్టివైచు సాధనములు. టోల్కీన్ మతప్రసక్తిని దాదాపు పూర్తిగా తొలగించి తిథులను మాత్రము నిలిపెను. ఆతని కథలో వీరులు రివెండెల్ విడిచి బయలుదేరునది డిసెంబరు 25. వారు నాశనము చేయబూనిన దుష్టశక్తి గల ఉంగరము నశించునది మార్చి 25, అనగా మరియమ్మకు దేవదూత వార్త చెప్పిన దినముగా క్రైస్తవులు పాటించునదియు, 1752 వఱకు ఇంగ్లాండులో చట్టరీత్యా సంవత్సరాదిగా నుండినదియు. తెలిసినవానికి ఆ తేదీలే పూజ. తెలియనివానికి అవి వట్టి తేదీలు.

కాని ఈ విషయమున అందఱికంటె లోతునకు దిగినవాడు, నా యభిప్రాయమున, ఏ మతమును అవలంబింపని టెర్రీ ప్రాచెట్. 1996లో వెలువడిన 'హాగ్‌ఫాదర్' నవలకు రంగస్థలము, మన పురాణములను తలపించునట్లు, మహాకూర్మము వీపున నిలిచిన నాలుగేనుగులు మోయు బల్లపరుపు లోకము. అచ్చట సంవత్సరాంతమున వచ్చు హాగ్స్‌వాచ్ రాత్రి నాలుగు అడవిపందులు లాగు బండిపై హాగ్‌ఫాదర్ విచ్చేసి పిల్లలకు కానుకలిచ్చును. ప్రాణులయందలి నియమరాహిత్యమును సహింపని కొన్ని అదృశ్యశక్తులు ఒక హంతకుని నియోగించి పిల్లల విశ్వాసమును హరింపగా హాగ్‌ఫాదర్ అదృశ్యుడగును; అంతట మృత్యుదేవుడే తెల్లగడ్డము తగిలించుకొని ఆతని పని నెత్తికొనును.

ఆ రాత్రి మృత్యువు మంచులో పడియున్న అగ్గిపుల్లలమ్ము బాలికను చూచును. 1845లో ఆండర్సన్ వ్రాసిన కథలోని బాలికయే ఈమె. ఆ కథలో ఆమె సంవత్సరాంతపు రాత్రి చలికి మరణించి, స్వర్గమునకు చేరును. చదువరులు కన్నీరు విడిచి, తమ యింటి వెచ్చదనమునకు సంతసింతురు. ఇట్టి మరణము ఆనవాయితీయే యనియు, దానిని చూచి లోకులు తమకున్న దానితో తృప్తిపడుదురనియు తన సేవకుడు ఆల్బర్ట్ వివరింపగా మృత్యువు ఒప్పుకొనడు. ఆ రాత్రి తాను హాగ్‌ఫాదరు గనుక ఆమెకు ప్రాణమునే కానుకగా నిచ్చును. మఱియొకచోట ఒక రాజు, తన బల్లపై మిగిలిన భోజనమును నిరుపేద వృద్ధుని గుడిసెకు మోయించుకొనివచ్చి, ఆతని కృతజ్ఞతను కన్నులార చూడగోరును. మృత్యువు ఆ రాజును తఱిమివేయును. ఇవ్వవలసిన ఋణమును దానముగా చూపుకొనుటయే ఆ రాజు చేసిన యపరాధము.

ఈ పండుగ వేళ్లను ప్రాచెట్ ఇంకను క్రిందికి త్రవ్వెను. పూర్వము నడిచలికాలమున భోజనములో ఎవనికి గింజ దొరకునో వానిని రాజుగా నెంచి, పిదప వేటాడి చంపుచుండిరనియు, ఆ రక్తము మంచుపై చిందినగాని సూర్యుడు ఉదయింపడని నమ్ముచుండిరనియు ఆ నవల గుర్తుచేయును. కానుకల పెట్టె యడుగున ఆ భయమున్నది: ఉదయము మనకు హక్కుగా రాలేదు.

అయితే ప్రాచెట్ మృత్యుదేవునిచే చెప్పించిన సిద్ధాంతము నొకదానిని నేను అంగీకరింపజాలను. పండుగతాత వంటి చిన్న యసత్యములను నమ్మ నేర్చినవాడే న్యాయము, దయ, కర్తవ్యము వంటి పెద్ద యసత్యములను నమ్మి వానిని లోకమున నిజము చేయగలడని ఆ సిద్ధాంతము. ఋణము అసత్యము కాదు. మనము తిన్న అన్నము నొకడు పండించినాడు. మన కన్నబిడ్డలకు నేర్పు మాటను మన పూర్వులు కాపాడినారు. ఇవి యెవరు నమ్మినను నమ్మకున్నను నిలుచు నిజములు. సంక్రాంతినాడు పెద్దలకు పెట్టుకొని, కనుమనాడు ఎడ్లను కడిగి కొమ్ములకు రంగు పూసి పసుపుకుంకుమలు పెట్టు మన రైతు ఏ యసత్యమును నమ్ముటలేదు. తనకు దుక్కి దున్నిపెట్టిన ప్రాణికి బాకీ ఒప్పుకొనుచున్నాడు.

కృతజ్ఞతకు దాత యొకడుండవలెను గదా, క్రీస్తు అవతరణము లేని క్రిస్మసు ఎవరికి నమస్కరించునని భక్తుడైన క్రైస్తవుడు అడుగవచ్చును. ఆ ప్రశ్నను నేను తేలికగా తీసికొనను. కల్పితపర్వము మనకు ఋణమును గుర్తుచేయగలదు గాని ఋణదాతను చూపజాలదు. అచ్చట దాని హద్దు. కాని పేరుగల పండుగను ఏటేట జరుపుకొనుచు ఋణమును మఱచినవాడు దాతను మాత్రము చూచుచున్నాడా?

పాఠకుడు ఆండర్సన్ కథను, హాగ్‌ఫాదరునందలి ఆ అగ్గిపుల్లల ఘట్టమును ఒకే దినమున, ఒకదాని వెంట నొకటి చదువవలెనని నా ప్రార్థన. చదివిన పిమ్మట, రాబోవు పండుగకు తన యింట పని చేయువారికి ఏమి బాకీపడియున్నాడో లెక్క చూచుకొనవలెను.