పొలములో దీపము ఎవరికొరకు?

సూర్యుడు అస్తమించినంతమాత్రమున సేద్యగాని పని ముగియదు. నీటి వంతు నడిరేయి వచ్చినయెడల అతడు లేచి గట్టు మీదికి పోవలెను. కంకి పాలు పోసుకొను దినములలో అడవిపందులు దిగునేమోయని మంచె మీద మేలుకొనవలెను. కళ్లములో రాశి యున్నప్పుడు దానియొద్దనే పండుకొనవలెను. చీకటిలో పనిచేయువానికి దీపము కావలెనని అందరును ఒప్పుకొందురు. అయితే ఆ దీపము ఎవరికొరకు వెలుగవలెను? వెలిగించినవానికొరకు మాత్రమేనా, లేక ఆ దారిని పోవు పరునికొరకు కూడనా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని దీనిలో మనుష్యుల ప్రాణములు ఇమిడియున్నవి.

మన పెద్దల కాలములో పొలమునకు పోవువాడు కిరసనాయిలు లాంతరు చేతబట్టుకొని పోయెడివాడు. చుట్టును గాజు ఉండుటచేత అది గాలికి ఆరకుండెడిది. నేడు పాక కప్పు మీద చిన్న సోలారు పలక పెట్టి, పగటి యెండవలన పుట్టిన కరెంటును బ్యాటరీలో నిలువజేసి, రాత్రి బల్బు వెలిగించుకొనుచున్నారు. గడ్డిపాకలో బుడ్డి ఒరిగి నిప్పంటుకొనునను భయము దీనిలో లేదు. దీపము సులువుగా దొరకుచున్నది గనుక, దీపము లేకుండుటకు మనము చెప్పు సాకులును తక్కువ కావలెను.

మొదట, మన సొంత అడుగుల సంగతి చూతము. "దేవుడే కాపాడును, దీపమేల?" అని చీకటిలో చెప్పులైనను లేక నడచిపోవు భక్తిపరులు మన సంఘములలో ఉన్నారు. ఈ మాట విశ్వాసమువలె వినబడును గాని విశ్వాసము కాదు. 2000 మొదలు 2019 వరకు మన దేశములో పాముకాటువలన సుమారు 12 లక్షల మంది, అనగా ఏటేట సగటున 58,000 మంది చనిపోయిరని 2020లో ప్రచురింపబడిన ఒక పరిశోధన అంచనా వేసినది. వారిలో అత్యధికులు పల్లెవారే. దాదాపు సగము మరణములు వానకాలములోనే, అనగా పొలము పని ముమ్మరముగా సాగు జూను మొదలు సెప్టెంబరు వరకు గల నెలలలోనే జరిగినవి. ఆ లెక్కలో మన తెలుగు ప్రాంతములు వెనుకబడి లేవు.

కట్లపాము రాత్రి తిరుగునది. దాని కాటు ఒక్కొక్కప్పుడు చీమ కుట్టినంత నొప్పియైనను కలిగింపదు. నేలమీద పండుకొనినవాడు కాటు తెలియకయే తెల్లవారునప్పటికి ఊపిరి పీల్చలేని స్థితికి వచ్చును. దీపము పామును తరుమునని యెంచకుడి. అది పామును మనకు చూపించును, అంతే. అడుగు తీసి అడుగు వేయుట మన పని. కాబట్టి టార్చిలైటు, కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర, పాకలో పండుకొనుటకు మంచము, అంచులు పరుపు క్రిందికి మడిచిన దోమతెర, ఇవి అవిశ్వాసపు గురుతులు కావు. దేవుడు కన్నులిచ్చినది చూచుటకే గదా! ఒకవేళ కాటు పడినయెడల, మంత్రగాని యొద్ద గడియలు పోగొట్టక విషమునకు విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి వెంటనే పోవలెను.

రెండవది, మన మాటమీద చీకటిలోనికి పోవువాని సంగతి. సేద్యపు మోటార్లకు కరెంటు ఎన్నో ఏండ్లు వాయిదాల చొప్పున, అనేక పర్యాయములు నడిరేయి వచ్చెడిది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా మొదలైనది. ఆంధ్రప్రదేశ్‌లో పగటివేళనే ఇచ్చు ఏర్పాట్లు జరిగినవి. అయినను కాలువ నీటి వంతులకు, కావలికి రాత్రిపూట పోవుట మానలేదు. అట్టి రాత్రి ఆసామి ఇంటిలో పండుకొని పాలేరును పంపును. ఆ పాలేరు చేతిలో ఏమున్నది? ఆసామి బిడ్డ పెరటిలోనికి పోవలెనన్నను టార్చి వెదకుదురు. పాలేరు రెండు మైళ్లు గట్టు వెంబడి పోవలెనన్నప్పుడు వెన్నెల చాలునందురు. సహోదరులారా, పాము ఆసామి కాలును పాలేరు కాలును వేరుగా ఎరుగదు. చీకటిలోనికి ఒకని పంపువాడు అతని చేతికి దీపము కూడ ఇచ్చి పంపవలెను. ఇది దయాధర్మము కాదు, కూలితోపాటు చెల్లింపవలసిన బాకీ.

మూడవది, మనము పిలువకయే మన పొలములోనికి వచ్చువాని సంగతి. నిర్గమకాండము 21వ అధ్యాయములో గోతిని గురించిన ఒక కట్టడ ఉన్నది. ఒకడు గొయ్యి త్రవ్వి కప్పకుండ విడిచినప్పుడు ఎద్దైనను గాడిదయైనను దానిలో పడినయెడల, ఆ నష్టమును గోతి యజమానుడే అచ్చుకొనవలెను. "నీ యెద్దు నా పొలములోనికి ఏల వచ్చినది?" అని అడిగి తప్పించుకొనుటకు అక్కడ చోటు లేదు. త్రవ్వినవానికి గొయ్యి ఎక్కడనున్నదో తెలియును, వచ్చినదానికి తెలియదు. తెలిసినవాడే బాధ్యుడు. ఈ న్యాయము ఎంత సూటిగా నున్నదో చూడుడి.

మన ఊళ్లలో ఒడ్డు కట్టని దిగుడుబావులు, నీరు పడలేదని విడిచిన బోరుగోతులు లేవా? బోరుగోతులలో బిడ్డలు పడి చనిపోవుచుండగా సుప్రీముకోర్టు 2010లో వాటి చుట్టు కంచె వేయవలెననియు, విడిచినవాటిని అడుగునుండి పైవరకు పూడ్చవలెననియు ఆదేశించినది. మూడువేల ఏండ్లకు పైబడిన కట్టడయు నేటి న్యాయస్థానమును ఒకటే చెప్పుచున్నవి. బావి యొద్ద ఒక చిన్న దీపము రాత్రియంతయు వెలుగుట మంచిదే, కాని దీపము ఆరవచ్చును. కావున బావికి గోడ కట్టవలెను, బోరుగోతిని పూడ్చవలెను. గోడ లేచువరకైనను దీపము ఉండవలెను.

ఇప్పుడు చెప్పుటకు కష్టమైన మాటకు వచ్చుచున్నాము. పందుల బాధ పడలేక కొందరు పొలము చుట్టు సన్నని తీగ కట్టి, రాత్రి దానికి నేరుగా 230 వోల్టుల కరెంటు కలుపుచున్నారు. చీకటిలో ఆ తీగ కనబడదు. కనబడకుండుటయే దాని ప్రయోజనము. పంది కంటె ముందుగా నీరు కట్టబోయిన పొరుగువాడు, తప్పిపోయిన గేదెను వెదకబోయిన పిల్లవాడు, ఒక్కొక్కచోట తీగ కట్టిన రైతే దానికి తగిలి పడిపోవుచున్నారు. తడినేల మీద వట్టి కాళ్లతో నున్నవానికి తప్పించుకొను దారి లేదు.

తీగ కట్టినవాడు దుష్టుడు కాడని నేనెరుగుదును. అప్పు తెచ్చి వేసిన మొక్కజొన్న ఒక్క రాత్రిలో నేలపాలైనప్పుడు ఆ యింటివారి కన్నీరు అబద్ధము కాదు. "నా పంటను నేను కాచుకొనవద్దా?" అని అతడు అడుగును. కాచుకొనవలెను. అయితే ఏ వేళ ఎవరు వచ్చెదరో తెలియని చోట, ఎవరైనను చచ్చునట్టి ఉరి పెట్టి ఇంటికి పోయి నిద్రించుట కావలి కాదు. కావలివాడు మేలుకొని యుండును, వచ్చినది మనిషియో మృగమో చూచును. తీగకు కన్నులు లేవు. గ్రుడ్డివాని త్రోవలో అడ్డము పెట్టకూడదని లేవీయకాండము 19వ అధ్యాయము చెప్పుచున్నది గదా. చీకటిలో మనమందరము గ్రుడ్డివారమే. నాలుగు పొలములవారు కలిసి వంతులవారీగా మంచె ఎక్కవచ్చును. సోలారు కంచె వేయువారు క్షణమాత్రము కొట్టి విడుచునట్లు చేయబడిన యంత్రమునే వాడి, దానికి హెచ్చరిక పలకలు కట్టవలెను. ఖర్చు హెచ్చని అందురు. అవును, హెచ్చే. ఒక మనిషి శవమును అతని తల్లి వాకిట దింపుటకంటె హెచ్చు కాదు.

ఇంత చెప్పిన తరువాత, "అట్లయిన పొలమంతయు పట్టపగలువలె వెలిగింతము" అని ఎవరైన అనవచ్చును. ఇక్కడ కూడ పొరుగువానిని మరువకూడదు. మొక్కలు వెలుగును మాత్రమే గాక చీకటిని కూడ లెక్కించుకొనును. పగటి పొడవును బట్టి మొక్కలు పూయు సంగతిని అమెరికాలో గార్నర్, అలార్డ్ అనువారు పొగాకు, సోయా చిక్కుడు మొక్కలలో కనుగొని 1920లో ప్రకటించిరి. 1938లో హామ్నర్, బానర్ అనువారు మన గట్ల మీద పెరుగు మరుల మాతంగి జాతి మొక్కను పరీక్షించి, దానికి కావలసినది ఎడతెగని దీర్ఘరాత్రి యనియు, ఆ రాత్రి నడుమ కొద్దిసేపు దీపము చూపినను అది పూయుట మానుననియు తెలిపిరి. కర్ణాటకలో చేమంతి రైతులు ఈ సంగతిని ఎరిగియే, పూత వెనుకకు జరుపుటకు తోటలలో రాత్రిపూట బల్బులు వెలిగింతురు. అదే వెలుగు పొరుగువాని పాత దేశవాళీ వరి మీద పడినయెడల అతని వెన్ను ఆలస్యమగును. అతడు ఎరువు చాలలేదేమోయని చింతించును గాని నీ దీపమును అనుమానింపడు.

పురుగుల సంగతియు అట్టిదే. తొలకరి వానలకు ఎర్ర గొంగళిపురుగు యొక్క రెక్కల పురుగులు నేలనుండి వెలువడినప్పుడు, వేరుసెనగ రైతులు మంటలు వేసి వాటిని ఆకర్షించి చంపుదురు. ఒక్కడే వేసినయెడల ఫలము స్వల్పము. ఊరివారందరు ఆ కొద్ది రాత్రులలోనే కలిసి వేసినయెడల మేలు కలుగును. అయితే పనిలేక రాత్రియంతయు వెలుగు బల్బు చెడ్డ పురుగును మంచి పురుగును కూడ రప్పించి చంపును. మిణుగురులు ఒకదానినొకటి తమ వెలుగుచేతనే గురుతుపట్టును గనుక మన వెలుగులో అవి తమ జతను కనుగొనలేవు. దేవుడు ఆదియందు వెలుగును పుట్టించినప్పుడు చీకటిని బొత్తిగా తీసివేయలేదు. దానికి రాత్రియని పేరు పెట్టి దాని వంతు దానికి ఇచ్చెను.

కాబట్టి పొలములోని దీపము క్రిందికి చూచునదై, అడుగు పడు చోట వెలుగునదై, పని తీరిన వెంటనే ఆర్పబడునదై యుండవలెను. పూర్వకాలపు మంటి దీపము రెండడుగుల మేర మాత్రమే చూపెడిది. ఆ రెండడుగులు సరిగా వేసినవాడు ఊరు చేరెడివాడు.

ఈ రాత్రి దీపము తీసికొని పొలమునకు పోవు సహోదరుడు తన దారిని చూచుకొనుటతో తృప్తిపడక, తన గట్టు చుట్టు ఒకమారు తిరిగి రావలెనని మనవి. అక్కడ నోరు తెరచిన గొయ్యి ఉన్నదా? తీగ ఉన్నదా? తన మాటమీద వట్టిచేతులతో నిలిచిన పాలేరు ఉన్నాడా? కరెంటు కలిపిన తీగయైనయెడల దానిని ముట్టక, ముందు మెయిను కట్టివేసి, ఆ తరువాత విప్పవలెను. ఈ పని రేపటికి వాయిదా వేయవలదు. చీకటిలో ఆ దారిని వచ్చువాడు రేపటివరకు ఆగునని మనకెవరును మాట ఇయ్యలేదు.