గుర్తుపట్టడమా, అంటుకోవడమా?

తియోఫిలిన్‌కీ కెఫీన్‌కీ మధ్య తేడా ఒక్క మిథైల్ గ్రూపు. మొదటిది ఉబ్బసం మందు, రెండోది రోజూ మనం కాఫీలో తాగేది. 1993లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో క్లౌస్ మోస్‌బాక్ బృందం తయారుచేసిన పాలిమర్ పొడి తియోఫిలిన్‌ని పట్టుకుని, కెఫీన్‌ని దాదాపు పట్టించుకోలేదు. ప్రాణం లేని పొడి యాంటీబాడీలా అణువుని గుర్తుపట్టింది!

చేసే పద్ధతి చెప్పడానికి తేలికే. గుర్తుంచుకోవలసిన అణువుని ద్రావణిలో కరిగిస్తారు. దాని చుట్టూ మెథాక్రిలిక్ ఆమ్లంలాంటి మోనోమర్, అంటే పాలిమర్‌గా అల్లుకునే చిన్న అణువు, హైడ్రోజన్ బంధాలతో చేరుతుంది. ఆ అమరిక చెదరకుండా, గొలుసులని ఒకదానికొకటి ముడివేసే క్రాస్‌లింకర్ బిగించేస్తుంది. తర్వాత మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం కలిపి కడిగితే అణువు వెళ్లిపోతుంది, దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది.

చెయ్యడం మొదలుపెట్టాక తెలుస్తుంది అసలు సంగతి. అణువు ఒక పాలు, మోనోమర్ నాలుగు, క్రాస్‌లింకర్ ఇరవై: చాలామంది ఇక్కడే మొదలుపెడతారు. అక్కడినుంచి ఎటు జరిపినా ఒకటి వస్తే ఒకటి పోతుంది. అరవై డిగ్రీల వేడిలో పని సులువు, కానీ ఆ వేడికి హైడ్రోజన్ బంధాలు సడలుతాయి. అతినీలలోహిత కాంతితో చల్లగా, సున్నా డిగ్రీల దగ్గర చేస్తే గుర్తింపు మెరుగుపడుతుందని మోస్‌బాక్ వాళ్లే 1989లో చూపించారు. ద్రావణి నీటిలాంటిదైతే అణువుతో తనే బంధం కలుపుకుని మోనోమర్‌ని పక్కకు నెట్టేస్తుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మోనోమర్ పాళ్లు. పెంచేకొద్దీ అణువుని మరింతమంది చుట్టుముడతారు, మంచిదే. అయితే పని దొరకని ఆమ్లపు గ్రూపులు పాలిమర్ అంతటా మిగిలిపోయి ఎదురొచ్చిన ప్రతిదాన్నీ పట్టుకుంటాయి. పరీక్షలో ఎంత పట్టుకుందో చెప్పే అంకె పెరుగుతుంది, మనం సంతోషిస్తాం. ఊళ్లో ఎదురైన ప్రతివాడినీ 'ఏం బాబాయ్' అని పలకరించే పెద్దమనిషి నన్నూ అలాగే పిలిస్తే, నా మొహం ఆయనకు గుర్తుందని ఎలా నమ్మను?

అందుకే అణువు వెయ్యకుండా, మిగతావన్నీ అవే పాళ్లలో కలిపి ఇంకో పాలిమర్ చేస్తారు. దాన్ని ఎన్‌ఐపీ (నాన్-ఇంప్రింటెడ్ పాలిమర్) అంటారు. ఏ అణువునీ ఎరగనిది కూడా అంతే పట్టుకుంటే, మొదటిదాని జ్ఞాపకం ఉత్త జిగురే. ఆ ఎన్‌ఐపీని కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. అణువు లేకపోతే రంధ్రాల తీరే మారవచ్చు, కాబట్టి రెండింటి ఉపరితల వైశాల్యం కూడా కొలవాలి. విసుగు పుట్టించే పని, నిజమే.

నా సొంత ఇష్టాలకు ఇలాంటి ఎన్‌ఐపీ లేదు. ఒక వయసులో విన్న పాట మళ్లీ వింటే గొంతు పూడుకుపోతుంది. అది ఆ పాట వల్లనా, ఆ వయసులో ఏ పాట విన్నా అలాగే అంటుకునేదా? అప్పుడు ఆ పాట వినని ఇంకో నేను ఉంటే గాని తేలదు. మనుషుల విషయంలోనూ అంతే. 'నిన్ను నేను బాగా ఎరుగుదును' అన్న మాట వినగానే ఈ మధ్య కాస్త జంకుతున్నాను.

పాలిమర్‌కైతే అలా పోల్చి చూసుకునే సదుపాయం ఉంది. కాబట్టి ఈ రంగంలో ఏ పరిశోధన పత్రం చేతికొచ్చినా, ఎంత పట్టుకుందో చూసి మెచ్చుకునే ముందు గ్రాఫ్‌లో ఎన్‌ఐపీ గీత ఎక్కడుందో వెతకండి. ఆ గీత లేకపోతే పత్రం పక్కన పెట్టెయ్యండి.