సంచిలో తాడిపత్రి తవక్కుల్‌కు విరుద్ధమా?

వర్షాకాలంలో ప్రయాణానికి బయలుదేరే మనిషి తన సంచిలో ఒక పల్చని తాడిపత్రి, దానితోపాటు నాలుగు గజాల తాడు పెట్టుకున్నాడనుకుందాం. దారిలో ఎక్కడైనా వాన పట్టుకుంటే, బస్సు ఆగిపోతే, రాత్రి ఆరుబయట గడపవలసి వస్తే తలదాచుకోవడానికి పనికివస్తుందని అతని ఆలోచన. ఇది ముందుచూపా, లేక అల్లాహ్‌పై నమ్మకం తగ్గిందనడానికి గుర్తా? “తఖ్దీర్‌లో ఏది ఉంటే అది జరుగుతుంది, ఈ బరువెందుకు?” అని నవ్వేవారు మన ఇళ్లలోనే ఉన్నారు. ప్రశ్న చిన్నదే అయినా, జవాబు తప్పితే దాని ఫలితం మన మీదే కాదు, మన వెంట ఉన్న భార్యాబిడ్డల మీద, ముసలి తల్లిదండ్రుల మీద పడుతుంది. కనుక దీన్ని కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

హైదరాబాద్‌లోని సుల్తాన్ బజార్‌కు వెళ్లినవారు ఒక దృశ్యం చూసే ఉంటారు. రోడ్డు పక్కన బట్టలు, గాజులు, చెప్పులు పరచుకుని అమ్ముకునేవారు ఆకాశం నల్లబడగానే పక్కన మడిచిపెట్టిన పట్టా లాగి సరుకు మీద కప్పేస్తారు. వారిని చూసి ‘వీరికి దైవంపై నమ్మకం లేదు’ అని ఎవరూ అనరు. సరుకు తడవకుండా చూసుకోవడం తెలివి అయినప్పుడు, పసిబిడ్డ తడవకుండా చూసుకోవడం విశ్వాస లోపం ఎలా అవుతుంది?

ఈ విషయంలో ధర్మం మనల్ని చీకటిలో వదలలేదు. ఒంటెను కట్టేసి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక వదిలేసి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టమని, ఆ తర్వాత భారం వేయమని దైవప్రవక్త (స) బోధించిన సంగతి తిర్మిజీలోని హదీసు ద్వారా మనకు తెలుసు. యమన్ నుంచి కొందరు దారిబత్తెం లేకుండా హజ్‌కు బయలుదేరి, తాము దైవంపై భారం వేసినవారమని చెప్పుకునేవారు. తీరా మక్కా చేరాక జనం ముందు చేయిచాచేవారు. అప్పుడు, ప్రయాణ సామగ్రి వెంట తీసుకువెళ్లమన్న ఆజ్ఞ అవతరించిందని ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. తన భారాన్ని ఇతరుల మీద వేసి, దానికి తవక్కుల్ అని పేరు పెట్టడం ధర్మానికి సమ్మతం కాదని దీనివల్ల స్పష్టమవుతోంది.

అంతేకాదు, నహ్ల్ సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ, పశువుల తోళ్లతో చేసిన గుడారాలను కూడా పేర్కొన్నాడు. ప్రయాణం చేసే రోజున, మజిలీ చేసే రోజున అవి మనిషికి తేలికగా ఉంటాయన్న మాట అక్కడ ఉంది. ‘తేలిక’ అన్న గుణాన్నే అనుగ్రహంగా లెక్కించడం గమనించదగ్గ విషయం. ఆనాటి తోలు గుడారం స్థానంలో నేడు ప్లాస్టిక్ నేత పట్టా వచ్చింది. దీని మందాన్ని చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్కకడతారు. చదరపు మీటరుకు 100 గ్రాములు తూగే రకంలో 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు ఉన్న పట్టా బరువు సుమారు 650 గ్రాములు. అదే కొలతలో 250 గ్రాముల మందం రకమైతే 1 కిలో 600 గ్రాములు దాటుతుంది. మొదటిది పిల్లవాడైనా మోయగలడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. గతించిన వలీలు ఏమీ లేకుండా ఎడారులు దాటలేదా? దీనికి ఇమామ్ గజాలీ (రహ్మ) తన ‘ఇహ్యా ఉలూముద్దీన్’లో సమాధానం ఇచ్చారు. తవక్కుల్‌లో ఎంతో కఠినంగా ఉండిన ఇబ్రాహీమ్ ఖవ్వాస్ (రహ్మ) కూడా సూది, కత్తెర, తాడు, నీటి తిత్తి లేకుండా ప్రయాణం చేసేవారు కాదట. ఎడారిలో నీరు నేలపైన దొరకదు, బావిలో ఉంటుంది. అక్కడ చేద, తాడు ఎవరూ పెట్టి ఉంచరు. బట్ట చిరిగితే సూది కావాలి. అల్లాహ్ ప్రపంచాన్ని నడిపే తీరు ఇది. ఆ తీరును గౌరవించడం కూడా దాస్యంలో భాగమే. అంతేకాక, ఒంటరి మనిషి తన ఆకలిని తాను ఓర్చుకోవచ్చు గానీ, ఆ ఓర్పును ఆలుబిడ్డల మీద రుద్దే హక్కు అతనికి లేదని కూడా ఇమామ్‌గారు వివరించారు.

అదే గ్రంథంలో, వరద పారే దారిలో నిద్రపోవడం, ఒరిగిన గోడ కింద పడుకోవడం తవక్కుల్ కాదని, నిషిద్ధమని చెప్పబడింది. హైదరాబాద్ వాసులకు ఈ మాట బాగా అర్థమవుతుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15 వేలమంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును పట్టుకుని సుమారు 150 మంది బ్రతికారు. వారిని కాపాడింది అల్లాహ్‌యే. కాని చెట్టు ద్వారా కాపాడాడు. ఎక్కినవారు తవక్కుల్‌ను వదులుకోలేదు, చేయి చాచి కొమ్మను పట్టుకున్నారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టించింది. అయినా 2020 అక్టోబర్‌లో పాతబస్తీ కాలనీలు నీట మునిగాయి. 2025 సెప్టెంబర్ చివరలో సుల్తాన్ బజార్‌కు దగ్గరలోనే ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి మూసీ నీరు వచ్చింది. ఇంటి నుంచి క్షేమంగా బయలుదేరినవాడు ఆ రాత్రి ఇంటికే చేరతాడన్న హామీ నగరంలో కూడా లేదు.

అయితే పట్టా ఉన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని వాడే తెలివి కూడా ఉండాలి. నాలా ఒడ్డున, పల్లంలో కట్టకూడదు. గాలి వచ్చే వైపు అంచును కిందికి దించి, నీరు నిలవకుండా వాలుగా కట్టాలి. తాడును కరెంటు స్తంభానికి ఎన్నడూ కట్టరాదు. ఉరుముల వేళ ఒంటరి చెట్టు కింద చేరరాదు. పట్టాను నలువైపులా మూసి లోపల కుంపటి గానీ స్టవ్ గానీ వెలిగించరాదు. పొగలోని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. సాధనం చేతిలో ఉండి అజాగ్రత్తగా ఉండేవాడు సాధనం లేనివాడికంటే ఎక్కువ జవాబుదారీ.

ఇక అసలు కష్టమైన ప్రశ్నకు వద్దాం. వాన కురుస్తోంది. మీ దగ్గర ఒకే పట్టా ఉంది. పక్కన చంకలో బిడ్డతో ఒక తల్లి తడుస్తోంది. ఆమె ఎవరో, ఏ మతమో మీకు తెలియదు. మీ బాధ్యత ఏమిటి?

మీ వెంట ఉన్న ఆధారపడినవారి హక్కు ముందుంది. ఇందులో సందేహం లేదు. అవసరం ఇద్దరికీ సమానంగా ఉండి, ఒక్కరికే చాలేటట్లయితే వస్తువు గలవాడికే హక్కు ఎక్కువని ఫిఖ్‌హ్ పండితులు చెప్పారు. అప్పుడు కూడా తన వాటా వదులుకునేవాడు ఈసార్ చేసినవాడవుతాడు, అల్లాహ్ మెప్పు పొందుతాడు. కాని తన బిడ్డ వాటాను వదులుకునే అధికారం అతనికి లేదు. తన అవసరం తీరి మిగిలి ఉంటే మాత్రం విషయం మారిపోతుంది. ఆకలితో ప్రాణం మీదికి వచ్చినవాడికి మిగులు ఆహారం ఇవ్వడం తప్పనిసరి అని పండితులు అన్నారు. చలివానలో వణికే పసిబిడ్డకు నీడ కూడా అలాంటిదే అని మేము భావిస్తున్నాము. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) మిగులు వాహనం ఉన్నవారిని లేనివారికి ఇమ్మన్నారు, మిగులు ఆహారం ఉన్నవారిని లేనివారికి ఇమ్మన్నారు. అలా ఒక్కొక్క వస్తువే చెబుతూ పోగా, మిగులుపై తమకు హక్కే లేదేమో అని సహాబాలకు అనిపించిందని ముస్లిమ్ గ్రంథంలోని హదీసు తెలుపుతోంది. 10 అడుగుల పట్టా కింద నలుగురు కూర్చుంటే ఐదారుగురు ఒదగలేరా? ఒదగలేమని చెప్పేది తరచుగా మన మనసే, పట్టా కాదు.

వ్యాపారుల గురించి కూడా ఒక మాట. వాన మొదలుకాగానే గొడుగు, పట్టా ధర రెట్టింపు చేయడం కొందరికి అలవాటు. గత్యంతరం లేనివాడి నుంచి న్యాయమైన ధరకు మించి రాబట్టడాన్ని మన ఫిఖ్‌హ్ పండితులు ఏవగించుకున్నారు. అలాగే సరుకు కాపాడుకోవడానికి పట్టాను నడిచేదారికి అడ్డంగా కట్టి, తాళ్లు మెడకు తగిలేలా వదిలేయడం కూడా ధర్మం కాదు. దారికి హక్కు ఉంది. దారిలోని అడ్డును తొలగించడం విశ్వాసంలో భాగమని మనం పిల్లలకు నేర్పుతాం. ఒకరికి నీడనిచ్చే గుడ్డ మరొకరిని పడగొట్టకూడదు.

మరి భయంతో ఇల్లంతా సంచిలో సర్దుకోవాలా? అక్కర్లేదు. ఖవ్వాస్ (రహ్మ) వెంట ఉన్నవి నాలుగే వస్తువులు. అవసరానికి తగినంత తీసుకుని, మిగిలినది అల్లాహ్‌కు అప్పగించడమే మధ్యేమార్గం. పట్టా మనల్ని కాపాడుతుందని నమ్మినవాడూ పొరపడ్డాడు. పట్టా లేకుండా వెళ్లి పరులను ఇబ్బంది పెట్టినవాడూ పొరపడ్డాడు. చేయి సాధనం మీద ఉండాలి, హృదయం అల్లాహ్ మీద ఉండాలి.

సోదర సోదరీమణులారా! ఈ వర్షాకాలంలో బయలుదేరేముందు సంచిలో ఆ 650 గ్రాములకు చోటివ్వండి. ప్రయాణపు దుఆ చదవండి. దారిలో తడుస్తున్నవారు కనిపిస్తే కాస్త జరిగి చోటివ్వండి. అల్లాహ్ మనందరికీ నిజమైన తవక్కుల్‌ను, పంచుకునే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.